చీకట్లో పెట్టిన పెసలు

తండాలో రుక్మిణికి మొదటి రోజు జరిగిన మర్యాద పెళ్లివారికి కూడా జరిగి ఉండదు. గంగి మంచం వాల్చి, పెట్టెలోంచి తీసిన కొత్త దుప్పటి పరిచి, "కూసోండ్రి మేడం" అంది. గంగి కూతురు జమ్లీ, ఏడో తరగతి పిల్ల, నీళ్ల చెంబు పట్టుకుని పక్కనే నిలబడింది.

రుక్మిణిది దేవరుప్పుల. జనగామలోని ఒక సంస్థ తరఫున మహబూబాబాద్ దగ్గరి ఈ తండాలో, బడి అయ్యాక ఆడపిల్లలకు సైన్సు క్లబ్బు నడపడానికి వచ్చింది. క్లబ్బు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఏడాది గడిచాక ఇంకోసారి, పిల్లలను అవే ప్రశ్నలు అడగాలి. జవాబులను బట్టి పిల్లలు ఎంత ఎదిగారో మార్కులు పడతాయి. ట్యాబులో ప్రతి ప్రశ్న కిందా 'ఎప్పుడూ' నుంచి 'అస్సలు లేదు' దాకా గడులుంటాయి.

"తెలియనిది ఎదురైతే ఎందుకని అడుగుతావా?"

"ఎప్పుడూ అడుగుత," అంది జమ్లీ.

"నువ్వు అనుకున్నది తప్పని తేలితే ఒప్పుకుంటావా?"

"ఎప్పుడూ."

మిగతా పిల్లలూ గంగిరెద్దుల్లా తలలూపారు. ఇంత చురుకైన పిల్లలు దొరికారని రుక్మిణి మురిసిపోయింది. ఆమె తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ ఏడాదిలో చాలా చేశారు గానీ, చెప్పుకోవలసింది పెసల సంగతి. రెండు గ్లాసుల్లో తడి గుడ్డ మీద పెసలు వేసి, ఒకటి ఎండ తగిలే అరుగు మీద, ఇంకొకటి గంగి ఇంట్లో ధాన్యం బస్తాల వెనక చీకట్లో పెట్టారు. ఎండలో ఉన్నవే పొడుగవుతాయని జమ్లీ అందరితో పందెం కాసింది. తీరా తీసి చూస్తే చీకట్లోవి పాలిపోయి, సన్నగా, జమ్లీ జానకు మించి సాగి ఉన్నాయి. పిల్ల ముఖం మాడిపోయింది. కొన్నాళ్లు రుక్మిణితో మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం వచ్చి, "ఎండ లేకుంటే బలం యాడికెల్లి వచ్చిందక్కా? పొడుగైనయి సరే, గట్ల ఎందుకు వాలిపోయినయి?" అని ప్రాణం తోడేసింది. సగం ప్రశ్నలకు రుక్మిణి ఫోనులో వెతుక్కుని జవాబు చెప్పాల్సి వచ్చింది.

అప్పటికి ఆమెకు మంచం వాల్చేవాళ్లే లేరు. పిల్లలతో పాటు కిందే కూర్చునేది. "రొట్టె ఉన్నది, పెట్టుకొని తిను" అని గంగి తన పని తాను చూసుకునేది.

మిర్చి ఏరే కాలం వస్తే గంగి, ఆమె భర్త దస్రు భూపాలపల్లి వైపు కూలికి పోతారు. ఏటా జమ్లీని కూడా తీసుకుపోయేవాళ్లు. ఈసారి మాత్రం, "పిల్లకు సదువు మీద మనసైంది, నాయనమ్మ దగ్గర ఉండనీ" అంది గంగి. రుక్మిణికి ఆ మాట జీతం కన్నా ఎక్కువనిపించింది.

ఏడాది తిరిగింది. మళ్లీ అవే ప్రశ్నలు. తప్పు ఒప్పుకుంటావా అన్న దగ్గర జమ్లీ ఈసారి చాలాసేపు ఆలోచించింది.

"అప్పుడప్పుడు అని పెట్టక్కా."

"పోయినేడు ఎప్పుడూ అన్నవు గదా?"

"అప్పుడు నువ్వు కొత్త. ఇంటికొచ్చినోళ్లు అడిగితే లేదనొద్దని మా అమ్మ చెప్పింది. ఇప్పుడు నువ్వు మా మనిషివే గదా, నిజమే చెప్తున్న. తప్పని ఒప్పుకోవాలంటే కడుపుల మండుతది. పెసలప్పుడు నీతోని మాట్లాడిన్నా?"

రుక్మిణి నవ్వి ఆ గడే నొక్కింది. అందరూ అలాగే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పారు. తమకేం తెలియదో వాళ్లకు తెలిసింది. ఏడాది సైన్సంతా అదే. ట్యాబుకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

జనగామ ఆఫీసులో పై అధికారి విద్యాసాగర్ మార్కులు చూసి తల పట్టుకున్నాడు. "పిల్లలు ఎనుకకు పోయిన్రు రుక్మిణీ. గిట్లుంటే క్లబ్బు ఎత్తేసి వేరే ఊరికిస్తరు."

ఆమె మర్యాద సంగతంతా చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు, ఓపికగా విన్నాడు. "నాకు సమజైంది. పైనోళ్లకు ఎట్ల చెప్పాలె? వాళ్లు చూసేది మార్కులే. ప్రశ్న పిల్లలకు మంచిగ అర్థం కాలేదేమో. ఇంకోసారి అడిగి చూడు."

అబద్ధం ఆడమని ఆయన అనలేదు. ఆమెకు మాత్రం అలాగే వినపడింది. పైవాళ్లకు తనే రాస్తే? రాస్తే వింటారా? వినేలోపు మిర్చి కాలం వచ్చేస్తుంది. బస్సులో దారి పొడుగునా ఆమెకు భయంగానే ఉంది.

తండాలో గంగి మూటలు కడుతోంది. రుక్మిణి క్లబ్బు మాట చెప్పగానే ఆమె చేయి ఆగింది. "క్లబ్బు లేకుంటే ఈడ ఉండి ఏం చేస్తది? మాతోనే తోలుకపోతం."

రుక్మిణి జమ్లీని పక్కకు పిలిచింది. "ఈసారి అన్నిటికీ ఎప్పుడూ అని చెప్పు."

"అది నిజం కాదు గదక్కా. ఉన్నది ఉన్నట్టే రాయాలెనని మొలకలు కొలిచేటప్పుడు నువ్వే అన్నవు."

"మొలకలు వేరు జమ్లీ. క్లబ్బు ఉండాల్నా వద్దా? నా మాట విను."

జమ్లీ మూటల వైపు చూసింది. రుక్మిణి వైపు చూసింది. తర్వాత తల దించుకుని, అడిగిన ప్రతిదానికీ "ఎప్పుడూ" అంటూ పోయింది. మిగతా పిల్లలకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

క్లబ్బు నిలిచింది. గంగి, దస్రు మూటలతో బండెక్కారు. జమ్లీ నాయనమ్మ దగ్గరే ఉండిపోయింది. అడుసు తొక్కితే తొక్కాను, కాలు కడుక్కుంటాను అనుకుంది రుక్మిణి.

తర్వాతి క్లబ్బు రోజున ఆమె వెళ్లేసరికి వాకిట్లో మంచం వాల్చి ఉంది. దాని మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. జమ్లీ నీళ్ల చెంబు తెచ్చి నిలబడింది. పాఠం అయ్యాక ఎవరైనా ఏమైనా అడుగుతారా అంది రుక్మిణి. అంతా సమజైందన్నారు పిల్లలు.

రుక్మిణి పిల్లల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. అందరినీ వదిలేసి జమ్లీనే చూస్తూ, కావాలనే తప్పు చెప్పింది.

"చీకట్లో పెట్టిన పెసలు పొట్టిగా పెరిగినయి, గంతే గదా?"

తన జానతో తానే కొలిచిన పిల్ల. ఒక్క క్షణం కళ్లెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

"అవును మేడం," అంది జమ్లీ.