కొలువెక్కిన ఏనుగులు

మోటారు వైండింగు చేసేవాడికి అలెగ్జాండరుతో ఏం పని అని మదనపల్లెలో నన్ను అడగనివాళ్ళు లేరు. ఎనిమిదితో బడి మానేసినోడు టీ అంగట్లో రాజకీయాలు ఎంతసేపైనా మాట్లాడొచ్చు. సీసం బొమ్మలతో పాతకాలం యుద్ధాలాడితే మాత్రం నేను పిచ్చి రంగప్పనంట.

ఆ బొమ్మలు పాత సామాన్ల అంగట్లో, ఎవరో దొర వదిలిపోయిన పెట్టెలో దొరికినాయి. బొటనవేలంత సైనికులు, నాలుగు ఏనుగులు. నాకంటే వయసులో పెద్దవి. రంగులు పోయుంటే నేనే వేసుకున్నాను.

నాతో ఆడేది ఒక్కడే, కుప్పం కాలేజీలో హిస్టరీ చెప్పే కుమారస్వామి సారు. ఆయన సైన్యం కూడా పాత సీసమే, ఏనుగులు మాత్రం లేవు. ఏడాదిగా నెలకో ఆదివారం పుంగనూరులో ఆయన బావమరిది మిద్దె మీద కలుస్తాం. టేపుతో కొలిచి బొమ్మల్ని జరపడం, పాచికలేసి ఎవడు సచ్చినాడో తేల్చడం. రాజు పడితే ఆట అయిపోయినట్టే. రూల్సు పుస్తకం ఇంగ్లీషులో ఉండాది, కాబట్టి ఆయన చేతిలోనే ఉండాది. ఎప్పుడూ ఆయన అలెగ్జాండరు, ఏనుగులున్నాయని నేను పురుషోత్తముడు.

"చరిత్రలోనే ఓడినోడప్పా, నువ్వేం చేస్తావు?" అంటాడు. ఓడినోళ్ళ పక్కన నిలబడటం నాకు కొత్త కాదులే.

పోయిన నెల పన్నెండోసారి ఓడినాక రోషానికి నోరు జారినాను. "ఈసారి ఓడితే ఏనుగులు మీవే సార్."

"రానోడు ఓడినట్టే, సరేనా?" అని ఆయన అక్కడే తేదీ రాసుకున్నాడు.

ఆ తేదీ దసరాల్లో పడింది. ముందురోజు పెట్టె తెరిస్తే ఏనుగులు లేవు.

"మ్మే, నా ఏనుగులు యాడ?"

"కొలువెక్కినాయి," అంది నా భార్య కమలాక్షి.

బొమ్మల కొలువు మెట్ల ముందర ఇసుక పోసి, అంచుల్లో ఆవాలు మొలకేసి తోట చేసింది. నడుమ నాలుగు ఏనుగులూ వరసగా, నుదుట కుంకుమతో.

"ఇయ్యి. రేపు పుంగనూరికి తీసకపోవల్ల."

"కూర్చోబెట్టినాక దశమి దాకా కదిలించకూడదు. తెలీదా?"

"పోకపోతే ఏనుగులు ఆయనకే పోతాయి మ్మే!"

"అయితే ఆయన్నే ఈడికి రమ్మను. పేరంటానికి ఇంతమంది వస్తాండారు, ఆయనొక్కడు బరువా?"

ఫోను చేస్తే సారు మరుసటిరోజు మా ఇంటికే వచ్చినాడు. ఆడోళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. ఇసుకలో సైన్యాలు పేర్చినాం. మొలకలంటే అడవి, గుర్రం నడక సగమే అని మాట్లాడుకున్నాం.

"నీ ఏనుగులు కదలవా?"

"కదలవు సార్."

సారు నవ్వు ఆపుకోలేకపోయినాడు.

ఆట మొదలైనాక గానీ నాకు తెలిసిరాలేదు. పన్నెండుసార్లూ నేను ముందే ఏనుగుల్ని ఉరికించినాను. ఆయన బాణాలేస్తే అవి బెదిరి తిరిగొచ్చి నావాళ్ళనే తొక్కినాయి. ఇప్పుడు అవి ఉన్నచోటే ఉండాయి, ఆయన బాణాలకు అందవు. ఏనుగుల దగ్గరికి గుర్రం పోకూడదని ఆయన పుస్తకమే చెప్తుంది. దగ్గరికొచ్చిన విలుకాళ్ళను, ఏనుగుల ఎనక నిలబెట్టిన నావాళ్ళు ముందే కొట్టేసినారు.

పక్కనుంచి చుట్టి రావాలని సారు అలెగ్జాండరుతో సహా గుర్రాల్ని మొలకల్లోకి మళ్ళించినాడు. అవి అక్కడ కాళ్ళీడ్చుకుంటా ఉండాయి.

"ఏం సారూ, గుర్రాల్ని మేతకు తోలుకొచ్చినావా?" అంది పక్కింటి బయ్యమ్మ. ఆడోళ్ళందరూ గొల్లుమన్నారు.

నా బల్లెపోళ్ళు మొలకల్ని చుట్టేసినారు. పాచిక వేసినాను. ఆరు. అలెగ్జాండరు గుర్రం మీంచి పడ్డాడు.

సారు పుస్తకం తెరిచినాడు. నాలుగు పేజీలు తిప్పినాడు. మూసేసినాడు.

"గెలిచినావప్పా. ఏనుగులు నీవే," అని చెయ్యి కలిపినాడు. "అయినా వాటిని కదపకుండా నిలబెట్టాలన్న ఆలోచన ఎవరిదప్పా?"

జీవితంలో ఒక్కసారి నన్నొక లెక్చరరు అట్లా అడిగినాడు. ఏం చెప్పమంటారు?

"నాదే సార్," అన్నాను.

గుగ్గిళ్ళు పంచుతున్న కమలాక్షి సారుకు రెండు గరిటెలు పెట్టింది, నన్ను దాటుకుని బయ్యమ్మ దగ్గరికి పోయింది.