ఒంటెల తొట్టి

కెంజెతాయ్‌కి పడవ కావాలి. కొత్తది కొనే తాహతు లేదు, పాతదైనా చాలు. అమ్మ ఒక ఒంటెను అమ్మి చేతిలో పెట్టిన మూడున్నర లక్షల టెంగేలు నడుముకి కట్టుకుని పది రోజులుగా ఆరల్ సముద్రం ఒడ్డంతా తిరుగుతున్నాడు. చూసిన పడవల్లో బాగున్నవి ధర అందలేదు. ధర అందినవాటిలో ఒకదాని అడుగుచెక్క బొటనవేలితో నొక్కితే నానిన రొట్టెలా లోపలికి పోయింది. వారం తిరిగేలోగా మంచు కరుగుతుంది. అప్పటికి సొంత పడవ చూపించకపోతే చేపల వేటగాళ్ల జాబితాలో పేరుండదు. పేరు లేకపోతే ఇంకో ఏడాది జెత్పిస్ పడవలో, అయిదోవంతు వాటాకి, ఆయన తిట్లు పూర్తి వాటాగా తింటూ వలలు లాగాలి. ఇరవై ఆరేళ్లొచ్చాయి, ఇంక లాగలేనని వాడికి తెలిసిపోయింది.

మిగిలింది మేనమామ సగిందిక్ ఒక్కడే. చివరిదాకా అటు వెళ్లకపోవడానికి కారణం ఉంది. అక్కడి ఆచారంలో మేనల్లుడికి మేనమామ ఇంట్లో మూడుసార్లు హక్కు. నచ్చిన వస్తువు చూపించి ఇది నాదంటే మామ కాదనకూడదు. ఏడేళ్లప్పుడు కెంజెతాయ్ గుర్రప్పిల్లను తోలుకుపోయాడు. పదహారేళ్లప్పుడు మోటారు సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు. ఇంకా ఒకటి మిగిలే ఉంది. అప్పటినుంచి వాడు గుమ్మం తొక్కాడంటే చాలు, సగిందిక్ ముందుగా మంచివన్నీ లోపల పెట్టి తర్వాతే కౌగిలించుకుంటాడు.

"రారా అల్లుడూ. ఈసారి ఏం తోలుకుపోవడానికొచ్చావ్?"

"కొనడానికొచ్చా మామయ్యా. డబ్బిచ్చే కొంటా."

"డబ్బా? మా అక్క కడుపున పుట్టినవాడు డబ్బిస్తాడా? ఒరిన్షా, విన్నావా?"

ఒరిన్షా అత్తయ్య వినకేం, విన్నది. నూనెలో వేయించిన బౌర్సాకు రొట్టెల పళ్లెం ముందుకు జరిపి, కప్పులో సగానికి టీ పోసింది. వాళ్లలో కప్పు నిండా పోస్తే ఇక లేచి బయల్దేరమని అర్థం. సగం పోసిందంటే ఇంకా కూర్చోమనే.

పెరట్లో పడవ సిద్ధంగా ఉంది. కొత్త నీలం రంగు, అంచుకి తెల్లగీత, ముక్కుమీద ఒక కన్ను కూడా గీసి ఉంది. కెంజెతాయ్ మనసు దానిమీద పడిపోయింది. ఆ పడవలో తను నిలబడి ఉన్నట్టు, ఒడ్డున జెత్పిస్ మొహం మాడ్చుకుని చూస్తున్నట్టు ఒక్క క్షణంలో అంతా కనబడింది.

"ఎంత మామయ్యా?"

"నీకు కాబట్టి మూడున్నర లక్షలు."

నడుముకి కట్టింది మామయ్యకి ఎలా కనబడిందో మరి. అమ్మ ఊళ్లో ఎవరికీ చెప్పనంటే దాని అర్థం నలుగురికే చెబుతుందని.

"నువ్వు కట్టుకున్న పడవ ఉండేది కదా, తారు పూసింది, అదేది?"

"దాన్ని ఎప్పుడో అమ్మేశా. అవతలి ఒడ్డువాడెవడో పట్టుకుపోయాడు. మోకాలు చెడి రెండేళ్లయింది, నాకెందుకది?" అని సగిందిక్ మోకాలు రుద్దుకున్నాడు. నొప్పి ఎడమకాలిది, రుద్దింది కుడికాలు.

నేలమీదున్న పడవని పరీక్షించడం సులువే. లోపల నీళ్లు పోసి, బయటికి ఎక్కడ కారుతాయో చూడాలి. లోపలివి బయటికి రాకపోతే బయటివీ లోపలికి రావు.

"బకెట్ ఏది మామయ్యా?"

"ఎందుకురా, కొత్త రంగు పాడవుతుంది."

"సముద్రంలోకి దింపినా పాడవుతుందిగా."

కెంజెతాయ్ బకెట్ తీసుకుని దొడ్డి పక్కనున్న ఒంటెల తొట్టిలో ముంచాడు. నాలుగు బకెట్లు పోసేసరికి నీలం పడవ ఏడుచోట్ల కారింది. గీసిన కన్ను కిందనుంచి కూడా ధార కట్టింది, పాపం, తన గతికి తనే ఏడ్చినట్టు.

"ఎండిన చెక్క కదరా. రెండు రోజులు నానితే ఉబ్బి సందులన్నీ మూసుకుంటాయి," అన్నాడు సగిందిక్.

మాటలో అబద్ధం లేదు, అందుకే ఆ మాట ఎంచుకున్నాడు. కెంజెతాయ్ పలకల సందులో వేలు పెట్టి చూశాడు. తారు ఉండాల్సినచోట గోధుమపిండి ముద్ద ఉంది.

వాడికి ఏడుపొక్కటే తక్కువ. అయిదో బకెట్ కోసం తొట్టి దగ్గరికి వెళ్లాడు. వెళ్లాడంటే, మామయ్యకి మొహం చూపించడం ఇష్టంలేక వెళ్లాడు. ముసలి ఒంటె ఒకటి తాగుతూ వీడివంక చూసింది. వాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అలా చూస్తుంటేనే తెలిసింది, తొట్టి కింద ఇసుక పొడిగా ఉంది. ఒంటె మూతినుంచి పడ్డ చుక్కలు తప్ప తడి లేదు.

వంగి చూశాడు. చుట్టూ మెత్తిన మట్టి, అంచులమీద కప్పిన పాత ఉన్ని గుడ్డ. గోటితో మట్టి గీకితే నల్లటి తారు, తారులో వరసగా రాగి మేకుల తలకాయలు. మట్టి మెత్తి రెండు రోజులు కూడా అయినట్టు లేదు. తన కంటపడకుండా పడవను తొట్టి చేసి, తొట్టి అని నమ్మించడానికి నిండా నీళ్లు పోసి, అది కారదని మామయ్య తన చేతులతోనే రుజువు చేసి పెట్టాడు. కెంజెతాయ్ నవ్వు ఆపుకోవడానికి ఒంటె మెడ పట్టుకోవాల్సి వచ్చింది.

తిరిగొచ్చి బుద్ధిగా కూర్చున్నాడు.

"నీలంది నాకు పెద్దదైపోతుందిలే మామయ్యా. ఆ తొట్టి ఇచ్చెయ్. అమ్మ ఒంటెలకి పనికొస్తుంది."

సగిందిక్ గొంతులో బౌర్సాకు అడ్డం పడింది. "తొట్టా? పుచ్చిపోయిందిరా అది. ఒరిన్షా, వీడికి టీ నింపు."

అంచుదాకా నింపి పంపించెయ్యమని ఆయన అర్థం. అత్తయ్య మళ్లీ సగానికే పోసింది.

"తొట్టిని అడగాల్సింది ఆయన్ని కాదు, నన్ను," అంది. "ఒంటెల పాలు పితికేది నేను, తొట్టి నాది. ఆయన పడవైతే ఎప్పుడో అమ్మేశాడుగా, ఇప్పుడే చెప్పాడు."

సగిందిక్ నోట్లో వెలక్కాయ పడింది. పడవ నాదంటే అబద్ధం బయటపడుతుంది. తొట్టే అంటే పడవ పోతుంది.

"ఎంతకిస్తావ్ అత్తయ్యా?"

"ఆయన నీలందానికి చెప్పిన దాంట్లో సగం ఇయ్యి. మిగతా సగంతో ఇంజన్ కొనుక్కో. నాకు ఇనప తొట్టి తెచ్చిపెట్టు."

కెంజెతాయ్ నడుముకట్టు విప్పాడు. సగిందిక్ లేచి, తొట్టి దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి, మట్టి రాలినచోట అరచెయ్యి ఆనించాడు.

"నీకు ఇవ్వకూడదని కాదురా," అన్నాడు వీపు ఇటే పెట్టి. "ఎండిపోయిన సముద్రం తిరిగొచ్చిన ఏడాది ఒక్కణ్ణే కూర్చుని కట్టా. చుక్కాని దగ్గర ఇంకొకడు కూర్చుని పోతుంటే ఒడ్డున నిలబడి చూడాలా? అది నావల్ల కాదు. అందుకే దాచా."

కెంజెతాయ్‌కి ఇందాకటి నవ్వు పోయింది. ఇన్నేళ్లూ మామయ్యది పిసినారితనమే అనుకున్నాడు. లేచి వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"మామయ్యా, నాకింకో హక్కుంది."

"ఉందిరా. ఏం కావాలి, ఇల్లా?"

"నువ్వు."

సగిందిక్ తిరిగి చూశాడు.

"బంగారుతీగ చేపలు ఏ మలుపులో తిరుగుతాయో నాకు తెలీదు. నిన్ను తీసుకుపోతున్నా. చుక్కాని దగ్గర కూర్చుందువుగాని. కూర్చోడానికి మోకాళ్లక్కర్లేదు. కాదనకూడదు, ఆచారం."

ఆయన కళ్లు తుడుచుకుని, గాలికి ఇసుక పడిందన్నాడు. గాలి లేదు.

"నా వాటా ఎంత?" అన్నాడు చివరికి.

"తీసుకుపోయిన వస్తువుకి వాటా ఎక్కడుంది మామయ్యా?"

"మరి నువ్వు తోలుకుపోయిన గుర్రప్పిల్లకి మేత వెయ్యలేదట్రా?"

వెనకనుంచి అత్తయ్య వచ్చి ఇద్దరి చేతికీ కప్పులిచ్చింది, రెండూ అంచుదాకా నింపి.