బూట్లు తారుమారుగా తొడుక్కునే రాజకుమారుడు

నా కళ్ళు పోయాయి గానీ చెవులు మాత్రం ఇంకా అచ్చాఫీసువే. అక్కడ ఒకప్పుడు నా ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే నేను అచ్చు కాగితం మీద వేలు పెట్టుకుని వినాలి. చదివేవాళ్ళు కామాలూ చుక్కలూ కూడా నోటితో చెప్పాలి. అలా విని విని, ఎవరైనా ఒక్క మాట మింగినా నా చెవి ఊరుకోదు. ఇంట్లో నన్ను చాటుగా పోలీసమ్మ అంటారని తెలుసు. అననీ.

మా కోడలు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానపడుతుంది. ఊళ్ళో అందరి చూపూ సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి నాకు నవల చదివి పెడుతుంది. ఈ ఏర్పాటు నాదే. పోయిన వానాకాలంలో ఏడేళ్ళ మనవడు జ్వరంతో పోయాక ఆమె నోట మాట పోయింది. వాడి పేరెత్తదు, ఏడవదు, పలకరిస్తే ఊఁ అంటుంది. నా కొడుకు గూడ్సు బండి నడుపుతాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. ఆ నిశ్శబ్దం భరించలేక, "నాకు ఊసుపోవడం లేదే, ఆ రాజుల నవల చదివి పెట్టు" అన్నాను.

అది నాలుగు సంపుటాల నవల. శత్రువులు చుట్టుముట్టిన కోట, లోపల రాణి, ఆమెకో చిన్న కొడుకు. ప్రూఫులు దిద్దిందాన్ని నేనే కాబట్టి నాకు కంఠతా వచ్చు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే మళ్ళీ ఎందుకంటుందని, కొత్తగా వింటున్నట్టు నోరు తెరుచుకుని విన్నాను.

"కామాలు కూడా చదవాలి మరి," అన్నాను మొదటిరోజు.

"నేను మీ అచ్చాఫీసులో జీతానికి లేను అత్తయ్యా," అంది. అన్నాళ్ళకు ఆమె నోట విన్న మొదటి పూర్తి వాక్యం అదే.

రెండో సంపుటం చివర రాజకుమారుడు కోటగోడ ఎక్కుతాడు, బాణం తగిలి చనిపోతాడు. ఆ పేజీ దగ్గరికొచ్చేసరికి కోడలి గొంతు ఆగింది. ఇదొకటి ఉందని నాకు ముందే తెలుసు కదా, ముసలి బుద్ధికి ఎలా తట్టలేదో. కాసేపటికి ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. రాజకుమారుడు గోడ దిగాడట. సొరంగంలోంచి బయటపడ్డాడట.

ఆనాటి నుంచి నవల రెండు పాయలైంది. అచ్చులో ఉన్నది కొంత, ఆమె కల్పించింది కొంత. కల్పించేటప్పుడు పేజీ తిప్పిన చప్పుడు ఉండదు. ఆ రాజకుమారుడు కుడి బూటు ఎడమ కాలికి తొడుక్కుంటాడు. బ్రెడ్డు తింటూ అంచులు వదిలేస్తాడు. గోడకు కాళ్ళు ఆనించి నిద్రపోతాడు. అవన్నీ మా చిన్నోడి పనులు. నేను కిక్కురుమనలేదు. వాడు ఆమె నోట్లో బతుకుతున్నాడు, ఎత్తు కూడా పెరుగుతున్నాడు. పోలీసమ్మకి అంతకంటే ఏం కావాలి?

ఇంతలో నా కొడుకు సంబరంగా మోసుకొచ్చాడు, ఆ నవల టీవీ సీరియల్‌గా వస్తోందన్న కబురు. మొదట్లో మాకూ సరదాగానే ఉండేది. తెర మీద ఏముందో కోడలు చెప్పేది, నేను వంకలు పెట్టేదాన్ని.

"సేనాపతి ఎలా ఉన్నాడే?"

"మీసం ఊడొస్తోంది అత్తయ్యా. చేత్తో అదిమి పట్టుకుని యుద్ధానికి పొమ్మంటున్నాడు."

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. కానీ కథ గోడ దగ్గరికి వచ్చేకొద్దీ నాకు భయం పట్టుకుంది. టీవీలో ఆ పిల్లాడు పోతే ఈమె కథలో పిల్లాడూ పోతాడు. ఇల్లు మళ్ళీ మూగదవుతుంది.

ఆ సాయంత్రం రానే వచ్చింది. "తలనొప్పిగా ఉంది, టీవీ కట్టెయ్యి," అన్నాను.

"ఉండనివ్వండి," అంది.

డప్పులు మోగాయి. రాణి పిలుస్తోంది. "పిల్లాడు గోడెక్కాడు," అంది కోడలు. తర్వాత తెర మీద ఎవరో గట్టిగా అరిచారు. ఆమె ఏ సొరంగమో తవ్వుతుందని ఎదురుచూశాను. నేను నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను.

"పోయాడు అత్తయ్యా," అంది. టీవీ కట్టేసింది. "నేను మీకు అబద్ధం చదివాను."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి అబద్ధం నుంచీ. రాజుల ఇంట్లో బ్రెడ్డు అంచులు ఎవరు వదిలేస్తారే? అయినా ఆ పుస్తకానికి ప్రూఫులు దిద్దింది నేనే."

ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. వాడు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. చెయ్యి చాచి తడుముకుంటే భుజం దొరికింది, పట్టుకున్నాను.

"మరి ఒక్కసారైనా ఆపలేదేం?"

"నా ఉద్యోగమంతటిలో చూసి కూడా దిద్దకుండా వదిలేసిన తప్పు అదొక్కటే," అన్నాను.

ఆమె లేచి వెళ్ళి రెండో సంపుటం తెచ్చింది. పేజీలు తిప్పిన చప్పుడు చాలాసేపు వినబడింది. దొరికాక చదివింది, నేను అడగకుండానే అచ్చాఫీసు పద్ధతిలో.

"బాలుడు తల్లి మొగము చూచెను, కామా, ఏదో చెప్పబోయెను, కామా, తల్లి యొడిలోనే కన్నుమూసెను, చుక్క."

ఒక్క అక్షరం జారలేదు. పేజీ మాత్రం తిప్పలేదు.

"అత్తయ్యా, చిన్నోడు ఆఖర్న నీళ్ళు అడిగాడు. డాక్టరు వద్దన్నాడని నేను ఇవ్వలేదు."

పుస్తకం ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాను.

"చెప్పు, వింటున్నాను," అన్నాను.