వదిలి వెళ్ళిన చెప్పులు

వంటిల్లూ పడకలూ అన్నీ ఉండే ఆ అద్దె ఆర్వీ బండిలో పెద్దవాళ్ళిద్దరూ కూర్చోవడానికి ఉన్నది ఒకటే బెంచీ. కిటికీ వైపు రాధారాణి, ఇవతల జ్ఞానప్రసూన. ఎదురుగా మనవరాలు తార, తార పక్కన ఉమ. ముందు రాధారాణి కొడుకు కౌశిక్ బండి నడుపుతున్నాడు. అలాస్కాలో ఆఖరి పెట్రోల్ బంకు దాటి రెండు గంటలైంది. కంకర రోడ్డు, అటూ ఇటూ బక్కచిక్కిన పొట్టి చెట్లు, వాటి వెనక మంచు కొండలు. ఫోన్లలో సిగ్నల్ లేదు.

జ్ఞానప్రసూన కొండలు చూడటం లేదు. తార కమలాపండు ఒలుస్తోంది, మొదటి తొన ఎవరికిస్తుందా అని చూస్తోంది.

నానమ్మకే ఇచ్చింది.

పొద్దున లేవగానే గుడ్ మార్నింగ్ కూడా నానమ్మకే ముందు. కిటికీ పక్క చోటూ ఆవిడకే. "అత్తయ్యకి కళ్ళు తిరుగుతాయమ్మా, నువ్వు ఇటు కూర్చో" అని తన కడుపున పుట్టిన ఉమే అంది.

నిజానికి ఈ ప్రయాణం దాకా ఈ వియ్యపురాళ్ళిద్దరూ ఒకే కప్పు కింద పట్టుమని ఒక్కరోజు కలిసి ఉన్నది లేదు. ఉమా వాళ్ళుండే షాంటిలీలో తార పుట్టినప్పుడు విజిటర్ వీసా మీద పురుడు పోయడానికి జ్ఞానప్రసూన వచ్చింది. ఆరు నెలలు కాగానే ఆమె విమానం ఎక్కిన రోజే రాధారాణి దిగింది. మళ్ళీ ఆరు నెలలకి జ్ఞానప్రసూన. ఉమా కౌశిక్ ఇద్దరూ ఉద్యోగాలు వదులుకోలేని రోజులవి. మూడేళ్ళు అలాగే గడిచాయి, ఒకరి సూట్‌కేసులు లోపలికి, ఇంకొకరివి బయటికి.

జ్ఞానప్రసూన రెండోసారి వచ్చినప్పుడు, తన ఒళ్ళో పెరిగిన పిల్లే తనని చూసి గుక్కపట్టి ఏడ్చింది. పైగా రాధారాణి మరిచిపోయి వెళ్ళిన చెప్పులు ఈడ్చుకుంటూ పోయి, సాయంత్రమయ్యేసరికి తలుపు దగ్గర కూర్చునేది. చూసి చూసి ఒకనాడు జ్ఞానప్రసూన ఆ చెప్పుల్ని కవర్లో చుట్టి చెత్తలో పడేసింది. ఫోన్లో రాధారాణి పిల్ల గురించి అడిగితే, "మిమ్మల్ని తలుచుకోనే లేదు వదినగారూ, హాయిగా ఆడుకుంటోంది" అని చెప్పింది. ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలిస్తే తార తన మొహం చూస్తుందా అని ఆమె భయం. వచ్చే నెలలో తార కాలేజీకి వెళ్ళిపోతుంది. వెళ్ళేలోపు ఇద్దరితో కలిసి ఒక్క ట్రిప్ కావాలని పట్టుబట్టింది కూడా తారే.

నీళ్ళసీసా కోసం తార లేచి, ఫ్రిజ్ పట్టుకుని తూలుతూ నడిచింది.

"కూర్చో తారా, బెల్టు పెట్టుకో" అంది ఉమ.

"అచ్చం ఇలాగే" అంది జ్ఞానప్రసూన. "సోఫా వదిలేసి నా దగ్గరికి నాలుగడుగులు వేసింది. మొట్టమొదటి నడక. మీరు వెళ్ళి మూడు రోజులే అయింది వదినగారూ. ఇంకో వారం ఆగి ఉంటే చూసేవారు."

"నా రాత అలా ఉందండీ" అని రాధారాణి నవ్వింది.

మధ్యాహ్నం ఒక ఏటి ఒడ్డున బండి ఆపారు. ఉమ పులిహోర డబ్బా మూత తీస్తుంటే, తార లాప్‌టాప్‌లో పాత వీడియోలు వెతుకుతూ ఆగింది.

"అమ్మమ్మా, నువ్వు చెప్పే వాక్ ఇదేనా? బట్ డేట్ వేరేగా ఉంది."

తెర మీద ఏడాది పిల్ల సోఫా వదిలి తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి, తలుపు దగ్గరున్న ఎర్ర సూట్‌కేసు మీద రెండు చేతులూ వేసింది. సూట్‌కేసుకి అంటించిన కాగితం మీద రాధారాణి పేరు, గుంటూరు అడ్రసు. "అత్తయ్యా, నడిచేస్తోంది" అని వీడియో తీస్తున్న ఉమ గొంతు. తర్వాత రాధారాణి గొంతు: "మీ అమ్మకి చెప్పకు ఉమా. రేపు వస్తుందిగా. తనే మొదట చూశాననుకోనీ."

కౌశిక్ టైర్లు చూసొస్తానని దిగిపోయాడు.

"పదిహేడేళ్ళు దాచావా ఉమా?"

"నువ్వంత సంబరపడుతుంటే ఎలా చెప్పనమ్మా?"

జ్ఞానప్రసూన బండి దిగి ఏటి దాకా వెళ్ళి నిలబడింది. ఇన్నాళ్ళూ తనదనుకున్న ఆ ఒక్కటీ రాధారాణి పెట్టిన భిక్షా? ఆవిడ తనకి ఇచ్చింది, తను ఆవిడకి దక్కాల్సింది దాచేసింది. ఇంతకన్నా ఆవిడ చెడ్డదైనా బాగుండేది.

వెనక నుంచి రాధారాణి శాలువా పట్టుకొచ్చింది. "చలిగా ఉంది, కప్పుకోండి. దిగగానే పిల్ల మిమ్మల్ని చూసి ఏడుస్తుందని తెలుసు వదినగారూ. మీకంటూ ఏదో ఒకటి ఉండాలి కదా అని అలా చెప్పాను."

శాలువా వెచ్చగా ఉంది. అదీ కోపం తెప్పించింది.

"మీ చెప్పులు మరిచిపోయి వెళ్ళారు. మెరూన్ రంగువి" అంది జ్ఞానప్రసూన, నీళ్ళకేసి చూస్తూ.

"ఎక్కడో పోయాయనుకున్నాను."

"నేనే పారేశాను. తార వాటిని ఒళ్ళో పెట్టుకుని మీకోసం తలుపు దగ్గర కూర్చునేది. మీకు అబద్ధం చెప్పాను."

రాధారాణి ఆమె పక్కకి వచ్చి నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎన్నాళ్ళు కూర్చుంది?"

రెండు రోజులని చెబుదామనుకుంది జ్ఞానప్రసూన. రెండు చాలు.

"పదకొండు" అంది.

తిరిగి బండెక్కినప్పుడు, "ఈసారి మీరు కూర్చోండి" అని రాధారాణి కిటికీ పక్క చోటు వదిలింది. బండి కదిలింది. కిటికీ అద్దంలో రాధారాణి మొహం కనబడుతోంది. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. ఆ పదకొండు సాయంత్రాలనీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నట్టుంది.

మరి నేను వెళ్ళినప్పుడో? నాకోసం ఏ తలుపు దగ్గరైనా ఒక్కపూట కూర్చుందా? జ్ఞానప్రసూనకి ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అడిగి ఏం లాభం? ఆవిడ మంచిది. కూర్చుందనే చెబుతుంది.