ఎనిమిదో పిలుపు

కోడంబాక్కం స్టేషనుకి నాలుగు సందుల అవతల, మేడ మీద రెండు గదుల ఇంట్లో వర్షిణి, ఆమె మేనమామ త్యాగరాజు ఉండేవాళ్ళు. పొద్దున ఎనిమిదింటికి మామ కాఫీ కలిపి రెండు గ్లాసుల్లో పోసేవాడు. ఎనిమిదింపావుకి షోళింగనల్లూరు వెళ్ళే ఆఫీసు క్యాబు సందు మొదట్లో హారన్ కొట్టేది. ఆ పావుగంటే వాళ్ళిద్దరూ తీరిగ్గా మాట్లాడుకునే సమయం. వర్షిణికి ఆరేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఒకే ఏడాది పోతే, సినిమా స్టూడియోల్లో వేషాల బట్టలు కుట్టే ఈ మామే తెచ్చుకుని పెంచాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "కొలతలు కుదర్లేదు అమ్మణ్ణీ" అని నవ్వేసేవాడు.

ఒకరోజు అడిగాడు. "ఆడ నువ్వు చేసే పనేందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

"ఒక కంప్యూటరు ఇంకోదానికి కబురు పంపిస్తది మామా. అందలేదనుకో, మళ్ళీ పంపాల. వెంటవెంటనే పంపితే అవతలిది తట్టుకోలేదు. అందుకని ఒక సెకను ఆగి, తర్వాత రెండు, ఆ పైన నాలుగు, ఎనిమిది... అట్టా రెట్టింపు చేసుకుంటా పోవాల. మనిషి చూడాల్సిన పనిలే, దానంతటదే చేసుకుంటది. ఆ కోడు నేను రాస్తా."

"దానికి విసుగు రాదా?"

"మిషనుకి విసుగేంది మామా!"

జూలై మొదటి సోమవారం, గ్లాసు చేతిలో ఉండగానే మామ చచ్చిపోయాడు.

కింది వాటాలో ఉండే డాక్టర్ జెబ మెట్లెక్కి వచ్చి, నాడి చూసి, కళ్ళు విప్పి చూసి, పెదవి విరిచింది. సందు మలుపులో పూలమ్మే చిన్నపొన్ను దండ తెచ్చింది. వచ్చేవాళ్ళకి కుర్చీలు తెమ్మని మనిషిని పంపబోతుంటే, సరిగ్గా పావుగంటకి, మామ దగ్గుతూ లేచి కూర్చున్నాడు.

"ఏమైంది సార్?" అంది జెబ.

"పోయినా. పంపించేసినారు," అన్నాడు మామ.

జెబ బీపీ చూసి, ఉప్పు తగ్గించమని చెప్పి దిగి వెళ్ళింది.

మంగళవారం అదే వేళకి మళ్ళీ పోయాడు, మళ్ళీ వచ్చాడు. తర్వాత గురువారం. ఆ పైన సోమవారం. సందులో వాళ్ళకి అలవాటైపోయింది. "ఏం త్యాగరాజన్నా, ఈసారీ కుదర్లేదా?" అని పలకరించేవాళ్ళు. ఆయన లేచాక చిన్నపొన్ను దండ విప్పి మూరలు చేసుకునేది.

కానీ వచ్చిన ప్రతిసారీ మామ కొంచెం తక్కువగా వచ్చేవాడు. మూడోసారి తర్వాత ఎడం చెయ్యి లేవలేదు. నాలుగోసారి తర్వాత, యాభై ఏళ్ళు చేసిన పని, సూదిలో దారం ఎక్కించడం మర్చిపోయాడు.

"ప్రతిసారీ కొంచెం ఆడే మిగిలిపోతాండా," అన్నాడు సూది వంక చూస్తూ.

ఐదోసారి ఎనిమిది రోజుల తర్వాత వచ్చింది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. వర్షిణి క్యాలెండరు ముందు నిలబడి వేళ్ళతో లెక్కపెట్టి, పదహారో రోజు చుట్టూ సున్నా చుట్టింది. ముందు రోజే మామని పెద్ద ఆసుపత్రిలో చేర్పించింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. మిషన్లన్నీ సక్రమంగానే పనిచేశాయి. మామ ఎనిమిదింటికి పోయాడు, ఎనిమిదింపావుకి వచ్చాడు. ఈసారి కాళ్ళు రాలేదు.

ఆ మరుసటి వారం ఆఫీసులో పైఆఫీసరు ప్రభాకరన్ ఆమె కోడు చూస్తూ ఒకచోట ఆగాడు.

"ఈ కబురు పన్నెండుసార్లు పోయి పన్నెండుసార్లూ వెనక్కొచ్చింది వర్షిణీ. ఎందుకొచ్చిందో చదివావా? లైను బిజీగా ఉంటే ఆగి పంపొచ్చు, వెళ్తుంది. ఇక్కడ పేరే తప్పు. వెయ్యిసార్లు పంపినా వెనక్కే వస్తుంది. ముందు కారణం చూడాలి."

వర్షిణి ల్యాప్‌టాప్ మూసి, మధ్యాహ్నమే ఆటో ఎక్కి ఇంటికొచ్చింది.

"మామా, ఆడ నిన్ను ఎందుకు పంపించేస్తాండారు?"

"తిరువేంగడం అని పిలుస్తారు. నాకు నోరు రాదు. చేతిలో కార్డు చూస్తారు. త్యాగరాజు అని ఉంటది. త్యాగరాజు ఎప్పుడో వచ్చేసినాడే అంటారు. పొమ్మంటారు."

"తిరువేంగడం ఎవరు?"

"నేనే."

అన్న త్యాగరాజు, స్టూడియోలో పని దొరకాలంటే ఉండాల్సిన యూనియన్ కార్డు చేతికొచ్చిన నెలకే కామెర్లతో పోయాడు. ఇంట్లో పాలు తాగే చెల్లెలు, అంటే వర్షిణి వాళ్ళమ్మ. పదహారేళ్ళ తిరువేంగడం కార్డు మీద ఫోటో మార్చి, అన్న కత్తెర పట్టుకుని పనిలోకి పోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా అందరూ అన్న పేరుతోనే పిలిచారు. అసలు పేరు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

"బతికుండేవాళ్ళు ఎవురన్నా ఆ వేళకి ఆ పేరుతో పిలిస్తే పలకతా," అన్నాడు మామ. "నువ్వు పిలువు అమ్మణ్ణీ. ఇంక నావల్ల కాలే."

"పిలిస్తే నువ్వు రావు."

"రాను."

"ఈసారి గూడా వెనక్కొస్తే ఆ పైన అరవై నాలుగు రోజులు మామా! తర్వాత నూట ఇరవై ఎనిమిది. ఆ తర్వాత ఏండ్లే నా దగ్గరుంటావు..."

"ఎవురికి?" అన్నాడు మామ.

ఏడోసారి, సోమవారం, వర్షిణి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది. మొదటి అక్షరం పెదాల దాకా వచ్చింది. మింగేసింది.

పావుగంటకి మామ వచ్చాడు. మాట రాలేదు, మింగడం రాలేదు. కళ్ళొక్కటే వచ్చాయి.

ఆ అరవై నాలుగు రోజులూ ఆమె ఇంట్లోంచే పనిచేసింది. ముక్కులో గొట్టంతో గంజి పోసింది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పింది, వీపున పుండ్లు పడితే మందు రాసింది. ఆ కళ్ళు ఆమెని తప్పుపట్టలేదు, ఏమీ అడగలేదు. తన్ను గుర్తుపడుతున్నాయో లేదో కూడా ఆమెకి తెలియలేదు. స్నానాల గదిలో కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో రోజూ ఆ పేరు పలికి చూసుకునేది. మొదట్లో గొంతు దాటేది కాదు.

ఎనిమిదోసారి మంగళవారం వచ్చింది. జెబ బ్యాగుతో వచ్చి కుర్చీలో కూర్చుంది. చిన్నపొన్ను దండ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. పక్కిళ్ళ వాళ్ళు మెట్ల మీద నిలబడ్డారు. ఎనిమిదింటికి మామ ఊపిరి ఆగింది.

వర్షిణి వంగింది.

"తిరువేంగడం," అంది. పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవడం నోటికి పట్టక, "తిరువేంగడం మామా," అంది మళ్ళీ.

రెండు నెలలుగా కదలని పెదాలు విడిపోయాయి. "ఆఁ," అన్నాడు మామ, బళ్ళో హాజరు పలికే పిల్లాడిలా స్పష్టంగా.

పావుగంటైంది. ఇరవై నిమిషాలైంది. చిన్నపొన్ను గడియారం వైపు చూసింది. "ఈసారి కొంచెం లేటు," అంది.

"ఇంకో పది నిమిషాలు చూద్దాం," అంది జెబ.

వర్షిణి మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చింది. చిన్నపొన్ను వచ్చి ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. మెట్ల మీద వాళ్ళు కూడా లోపలికొచ్చి చుట్టూ చేరారు.

"ఏడవబాకమ్మా," అన్నారు అందరూ. "వస్తాడ్లే. యాడికి పోతాడు!"