హరిబాబు చేతి ముద్ద

ఇందిరాదేవి గుడ్డు కూడా ముట్టదు. పెళ్ళయిన కొత్తలో ఏదో మొక్కుకుని మాంసం మానేసింది, ఇక అలాగే ఉండిపోయింది. ఇంట్లో కోడికూర వండితే ఆ గిన్నెలు కూడా వేరేగా తోమించేది. అలాంటి మనిషి మెదడులో పురుగుందంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు చెప్పండి! కానీ ఎవరూ నవ్వలేదు. అప్పటికే ఫిట్సొచ్చి వంటింట్లో విరుచుకు పడిపోయింది ఆవిడ. తల గ్యాసు బండకి కొట్టుకోబోతుంటే అంట్లు తోముతున్న రాజారత్నం పరుగున వచ్చి పట్టుకుంది.

బందరులో డాక్టరు స్కానింగు ఫిల్ము వెలుతురుకి పెట్టి ఒక తెల్లటి చుక్క చూపించాడు.

"బద్దెపురుగు పిల్లండీ. తిత్తి కట్టుకుని కూర్చుంది."

"మా ఆవిడ మాంసమే తినదండీ," అన్నాడు హరిబాబు కోపంగా. ఆ కోపం డాక్టరు మీదో ఎవరి మీదో అప్పుడు తెలియలేదు.

"తినక్కర్లేదు. ఉడికీ ఉడకని పంది మాంసం తిన్నవాళ్ళ పేగుల్లో పెద్ద పురుగు పెరుగుతుంది. రిబ్బనులాగా ఇంత పొడుగు. వాళ్ళకి పెద్దగా ఏమీ కాదు, హాయిగా తిరుగుతుంటారు. దాని గుడ్లు మలంలో వస్తాయి. చెయ్యి సరిగ్గా కడుక్కోకపోతే గోళ్ళలో ఉండిపోతాయి. ఆ చేత్తో పెట్టింది ఎవరు తింటే వాళ్ళ మెదడుకి ఎక్కుతుంది." డాక్టరు ఫోనులో బొమ్మ చూపించాడు. తెల్లగా, చదునుగా, తడిసిన అటుకుల్లా ఉన్నాయి ఆ పురుగు తునకలు. "ఇంట్లో తిరిగేవాళ్ళందరూ పరీక్ష చేయించుకోండి. ఉన్నవాళ్ళు మాత్ర వేసుకుంటే పోతుంది. లేదా ఇవాళ ఈవిడ, రేపు ఇంకొకరు."

పంది మాంసం తిన్నవాడు బాగుంటాడట, పచ్చిమిరపకాయ పప్పు తిన్న మనిషి పడిపోతుందట. ఇదెక్కడి న్యాయమో ఆ పురుగునే అడగాలి.

కారు గుడివాడ చేరేలోపు హరిబాబు తేల్చేశాడు. "ఇంకెవరు? రాజారత్నమే. వాళ్ళు తింటారుగా."

ఇందిర పన్నెత్తి ఒక్క మాటంటే సరిపోయేది. కానీ భయం అలాంటిది; ఎవరో ఒకరి పేరు చెబితే చాలు, కాస్త ఊపిరాడుతుంది. మర్నాడే రాజారత్నాన్ని మానిపించేశారు. "నేను తిననండీ అమ్మగారూ," అంది రాజారత్నం గుమ్మంలో నిలబడి. పెద్దాసుపత్రికెళ్ళి పరీక్ష కూడా చేయించుకొచ్చింది, ఏమీ లేదన్నారు. హరిబాబు అక్క సుబ్బాయమ్మ ఊరుకుంటుందా? "ముందే మాత్ర మింగుంటుందిలే," అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. ఆ వీధిలో రాజారత్నం చేత అంట్లు తోమించుకునే ఇల్లంటూ మిగల్లేదు.

హరిబాబుకి పరీక్ష మాటెత్తితే చిరాకు. "నాకెందుకే? నేనేమన్నా పనిమనిషినా?"

ఒకరోజు పొద్దున్న ఆయన బాత్రూములోంచి వచ్చాక ఇందిర వెళ్ళింది. నీళ్ళు సరిగ్గా కొట్టలేదు. కమోడు అంచున తడిసిన అటుకుల్లాంటివి అంటుకుని ఉన్నాయి. ఒకటి మెల్లగా ముడుచుకుని, మళ్ళీ సాగింది. ఇందిర గోడ పట్టుకుని బయటికొచ్చి, పేపరు చదువుకుంటున్న మొగుడి ముందు నిలబడింది.

"ఎప్పట్నుంచండీ?"

హరిబాబుకి ఏ సంగతో అర్థమైపోయింది. పేపరు మడిచాడు.

"బంటుమిల్లి చేపల చెరువుల దగ్గర మన అబ్బులు లేడూ, వాడు పందికూర వండుతాడు. మందులోకి బాగుంటుంది. ఏడాదిగా పడుతున్నాయి. నొప్పీ లేదు, ఏమీ లేదు."

"ఏడాదా! తెలిసీ రాజారత్నాన్ని..."

"మెల్లిగా మాట్లాడు. పంది తిని పురుగులు తెచ్చుకున్నాడని తెలిస్తే మనవాళ్ళలో తలెత్తుకు తిరగనిస్తారా? పిల్లకి సంబంధాలు చూడొద్దా? దానికేం, ఇంకో వీధిలో పని దొరుకుతుంది."

"పోనీ, మాత్రన్నా వేసుకోండి."

"మందుల షాపులో కూర్చునేది మన బాబాయి. ఏమని అడగను? నువ్వెళ్ళి అడిగావంటే మాత్రం బాగుండదు, చెబుతున్నా."

ఇందులో ఇందిరకి గుండె మండిపోయిన సంగతి ఇంకోటుంది. ఆ ఇంట్లో భోజనాల వేళ పప్పూ ఆవకాయా కలిపి, పెళ్ళానికీ కూతురు యశస్వినికీ మొదటి ముద్ద తనే పెట్టడం హరిబాబు అలవాటు. వీధిలో ఆడవాళ్ళు ఆ ముద్ద చూసే కుళ్ళుకునేవారు. "అదృష్టం నీదే ఇందిరా!" అనేవారు. పాతికేళ్ళుగా ఆ చేతిని చూసి మురిసిపోతూ నోరు తెరిచింది ఇందిర.

ఆ సాయంత్రమే కాలవగట్టుకి నడిచి, రాజారత్నం ఇంటి ముందు ఆగింది. "నువ్వు కాదు రాజారత్నం. ఆయనే. నాదే తప్పు, పనిలోకి వచ్చెయ్యి," అంది.

రాజారత్నం కుర్చీ వేసింది కానీ మెత్తబడలేదు. "నాతో చెబితే ఏం లాభమండీ? పురుగు నాదని వీధిలో చెప్పారు. కాదని కూడా ఆ వీధిలోనే చెప్పండి. అప్పుడొస్తాను."

న్యాయమైన మాట. ఇందిర ఒప్పుకుంది. "ఆవకాయ నాడు అందరూ మా ఇంటికే వస్తారు. నువ్వూ రా."

ఆవకాయ కలపడం అయ్యాక, ఆ బేసినులో మిగిలిన కారంలో వేడన్నం వేసి హరిబాబు కలుపుతాడు. చుట్టాలూ ఇరుగుపొరుగూ వరసగా నిలబడి చెయ్యి చాపితే తలా ఒక ముద్ద పెడతాడు. ఏటా జరిగేదే. ఆ ఏడూ మామిడికాయలు కొట్టారు, నూనె గుమ్మరించారు, పెరడంతా ఘాటు. రాజారత్నం వచ్చి గేటు బయట చెప్పులు విడిచి నిలబడింది. హరిబాబు చొక్కా చేతులు మడిచి, అన్నం పిసికి, మొదటి ముద్ద ఇందిరకి చాపాడు.

"నాకొద్దు. మీరూ ఎవరూ తినకండి," అంది ఇందిర గట్టిగా. "బద్దెపురుగున్నది రాజారత్నానికి కాదు, ఈయనకి. నా కళ్ళతో చూశాను. బంటుమిల్లిలో పంది తిని తెచ్చుకున్నాడు. ఆ చేత్తోనే నాకు పెట్టాడు."

హరిబాబుకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. కళ్ళు తుడుచుకున్నాడు మోచేత్తో.

"డాక్టరు ముందే చెప్పాడక్కా," అన్నాడు సుబ్బాయమ్మకేసి చూసి. "మెదడులో పురుగు కదా, ఇలాంటి అనుమానాలొస్తాయన్నాడు. బయటికి చెప్పలేక నేనే దిగమింగుకుంటున్నా."

"అయ్యో నా తల్లీ," అంది సుబ్బాయమ్మ. "బంగారంలాంటి మొగుణ్ణి పట్టుకుని!" పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"డాక్టరు అలా అన్లేదు! అబద్ధం!" ఇందిర అరిచింది. అరిచేకొద్దీ అందరి కళ్ళలోనూ జాలి. ఈలోపు హరిబాబు చేతిలోని ముద్ద యశస్విని చేతిలో పడింది. పిల్ల బెదిరిపోయి అలాగే పట్టుకుంది. ఇందిర ఒక్క ఉదుటున వెళ్ళి ఆ ముద్దని ఎగరగొట్టింది. ఎర్రటి అన్నం గచ్చంతా చెల్లాచెదరైంది.

"ఫిట్సు! ఫిట్సొచ్చాయి, పట్టుకోండి!" ఎవరో కేకేశారు.

ఎన్ని చేతులో. పడుకోబెట్టారు, కాళ్ళు నొక్కిపట్టారు, చేతిలో ఇనుముండాలని తాళాలగుత్తి పెట్టి పిడికిలి మూసేశారు. "నాకేం రాలేదు, నేను బాగానే ఉన్నాను," అంటూనే ఉంది ఇందిర. ఫిట్సొచ్చిన మనిషి అలా మాట్లాడుతుందా అని ఒక్కరికీ తోచలేదు. యశస్విని తల్లి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

చుట్టూ మూగినవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి ఇందిరకి గేటు కనబడుతోంది. రాజారత్నం చెప్పులు వేసుకుంది. ఒక్కసారి లోపలికి చూసి, వెళ్ళిపోయింది.

"అన్నం చల్లారిపోతుంది, కానివ్వండర్రా," అంది సుబ్బాయమ్మ.

అందరూ మళ్ళీ వరసలో నిలబడ్డారు. హరిబాబు మళ్ళీ బేసినులో చెయ్యి పెట్టాడు. పాపం పిల్ల భయపడిందని, మొదటి ముద్ద యశస్విని నోట్లోనే పెట్టాడు.