శోభనాద్రి విద్యాదానము

ఆషాఢమేఘములు పడమటి దిక్కున గుమిగూడి కురియుదమా మానుదమా యని తర్కించుచున్న యొకానొక సోమవారపు ప్రాతఃకాలమున భాగ్యనగరమునకు పశ్చిమమున నల్లరాతి గుట్టలను తొలిచి నిర్మించిన గాజుమేడలు తమ సహస్రగవాక్షములయందు ధూమ్రవర్ణాకాశమును ప్రతిఫలింపజేయుచు నిర్దయములై నిలిచియుండెను. కావ్యములయందు వర్షర్తువు విరహులను బాధించును. నానక్‌రామ్‌గూడయందు అది ఉద్యోగులను బాధించును. గతరాత్రి వాన మిగిల్చిన మోకాలిలోతు నీటిలో ఆటోలు దిగి పాదరక్షలు చేతబట్టిన యువతీయువకులు మెడలయందు గుర్తింపుపట్టీలు వ్రేలాడుచుండ బారులుతీరి లోనికేగుచుండిరి. కొందరి పట్టీ నీలము, వారు పర్మనెంటువారు. కొందరిది పసుపు; వారు కాంట్రాక్టువారు. ఒకే బల్లకడ కూర్చుండి ఒకే పని చేయు నీ రెండు తెగల నడుమ పాటింపబడు మడి యెట్టి యాచారవంతుల యిండ్లయందును కానరానిది. ఎవరిదైన పుట్టినరోజున కేకు కోయునపుడు నీలపువారు చుట్టును నిలిచి చప్పట్లు కొట్టుదురు. పసుపువారు తమ కంప్యూటరు తెరలవంక చూచుచు వినబడనట్లు నటింతురు.

ఆ యుదయమున ప్రథమముగ పసుపుపట్టీ దాల్చి వరుసలో నిలిచిన స్థూలకాయుడు వేదగిరి శోభనాద్రి. మొన్నటి శుక్రవారము వరకు అతనిది నీలపుపట్టీయే. ఒక బీమా సంస్థవారి లెక్కలన్నియు నడపు ప్రాచీన కోబాల్ ప్రోగ్రాము నొకదానిని యౌవనారంభమునుండి సేవించుచు నెరిసిన యాతనికి ఆ శిథిలదుర్గమున నే రాయి కదల్చిన నే గోడ కూలునో కరతలామలకము. అది యెరిగినవాడు లోకమున మరియొకడు లేడు. లేకుండునట్లు అతడే జాగ్రత్తపడెను. ఎన్నడును ఒక ముక్కయైన వ్రాసిపెట్టి యెరుగడు. అడుగవచ్చినవారిని "అది చూసి నేర్చుకునేది కాదు నాయనా, అలవాటు మీద రావాలి" అని నవ్వి పంపివేయుచుండెను. ఆ విద్యయే యాతని కోట, యాతని కూడు. దానికి వెలుపల నాతడు మరియొక పని నెరుగడు. ఏబదియేండ్లు సమీపించిన వానికి కొత్తపని నేర్పి కుర్చీ వేయు ధర్మాత్ములు ఆ గాజుమేడలలో నే యంతస్తునందును లేరు.

అట్టివాడు తన కోటను తానే యేల విడిచెననగా, అలిగి విడిచెను. తనకంటె పదునైదేండ్లు చిన్నవాడగు తారకేశుడు తనకు మేనేజరై వచ్చి మొదటి సమావేశముననే "శోభనాద్రి గారూ, మీ అనుభవం మాకు చాలా విలువైనది" అని పలికి యా వెంటనే మరియొకరివంక తిరుగుట యాతని హృదయమున శల్యమువలె నాటెను. తాను తొలగినచో వీరందరు తన గుమ్మమున నిలుతురనియు, కాంట్రాక్టు మీద తిరిగి పిలిచి గద్దె వేయుదురనియు నాతడు నిశ్చయించెను. పిలిచిరి కూడ. రాజీనామా నందుకొన్న మరునాడే తారకేశుడు ఒక ఏజెన్సీ మూలమున కబురంపెను. ఇంత త్వరగ పిలుచుటకు వారు ముందే సిద్ధపడియుండిరేమో యను శంక బుద్ధిమంతునకు పొడమవలసినదే. అలిగినవానికి పొడమలేదు.

భార్య ఉమాసుందరి మాత్రము కూర తరుగుచు తలయెత్తక యడిగెను. "ఉన్న కుర్చీ వదిలేసి అదే కుర్చీలో చుట్టంలా కూర్చుంటానంటారేవిటండీ?"

"నీకు తెలీదులే. పర్మనెంటు వాడికి పని చెప్తారు. కాంట్రాక్టు వాణ్ణి బతిమాలుకుంటారు."

ఆమె తరిగిన ముక్కలు బాణలిలో వేసెను.

కొత్త యొడంబడికలో నాతనికి విధింపబడిన పని యొక్కటే. తనకు తెలిసినదంతయు నితరులకు నేర్పవలెను. దీనిని ఆ లోకమున కేటీ యందురు. మూడుమాసముల కొకమారు గడువు తీరును. నేర్పవలసినది మిగిలియున్నచో పొడిగింతురు. తన విద్య సముద్రమనియు, సముద్రమును తోడ నెన్ని మూడుమాసములైన చాలవనియు నాతడు లెక్కగట్టెను.

నేర్చుకొన వచ్చినవారు మువ్వురు. నీలపట్టీల యువకు లిద్దరు, పసుపుపట్టీ ధరించిన హనుమకొండ పిల్ల బైరి ప్రహర్షిత యొకతె. పాఠము మొదలగుటకు ముందే తారకేశుడు యువకుల నిద్దరిని గదిలోనికి పిలిచి రహస్యముగ "ఆయన్ని ఏమీ అడక్కండి. మెచ్చుకుంటూ కూర్చోండి. ఆయనే చెప్పేస్తారు" అని బోధించియుండెను. ప్రతి పాఠమును వీడియోగ భద్రపరుపబడుచుండెను గావున శోభనాద్రి ఇస్త్రీ చొక్కా ధరించి నుదుట విభూతిరేఖ దిద్దుకొని పెండ్లికొడుకువలె వచ్చి కూర్చుండువాడు. మొదటి దినమున కొంచెము చెప్పెను. "ఇది మీరొక్కరే కనిపెట్టారా సార్?" అని యొకడు నోరు తెరచెను. రెండవవాడు "ఇన్నేళ్ళు మీ పక్కనే ఉండి మేం ఏం నేర్చుకున్నట్టు?" అని నిట్టూర్చెను.

పాపము, శోభనాద్రి సంతోషించెను. ఇట్టి మాట వినుటకు ఇరువదేండ్లు కాచుకొనియున్న చెవు లవి. కొడుకు వినడు, భార్యకు పట్టదు, మేనేజర్లు మారుచుందురు గాని మెచ్చరు. ఇప్పుడు తన మాటను ఇరువురు యువకులు రెప్పవాల్చక వినుచుండ లోభి ధనమువలె దాచిన విద్య కట్టతెగిన చెరువై ప్రవహించెను. ఏ లెక్క యెచ్చట దాగియున్నదో, సంవత్సరాంతమున ప్రోగ్రాము ఏల మొరాయించునో, దానిని ఏ చోట తట్టి లేపవలయునో యడుగకయే చెప్పెను. భోజనవేళ దాటినను చెప్పెను. ఒక మాసములో చెప్పదగినది ఒక వారములో చెప్పి ఇంకను చెప్పుదునని ఉవ్విళ్ళూరెను.

రెండవ వారమున నొకనాటి మధ్యాహ్నము కాఫీ యంత్రముకడ ప్రహర్షిత యాతని సమీపించెను. ఆమె యప్పటికే రెండు కాంట్రాక్టులు చేసి రెండింటను పని ముగించి వీధిన బడిన పిల్ల. అటునిటు చూచి మెల్లగ పలికెను.

"సార్, ఒక మాట జెప్త, ఏమనుకోకుండ్రి. అన్నీ ఇంత జల్ది చెప్పకుండ్రి. రోజుకు కొంచెం కొంచెం చెప్పుండ్రి సార్."

శోభనాద్రి యామెను జాలిగ జూచెను. తన వేగము నందుకొనలేక యీ పిల్ల డస్సినదని యాతని యభిప్రాయము. "భయపడకమ్మా. అర్థం కాకపోతే మళ్ళీ చెప్తాను" అని భుజములు విరుచుకొని కాఫీ త్రాగెను. ఆమె యింకేదియో చెప్పబోవుచుండగ నీలపట్టీవా డొకడు కప్పుతో వచ్చెను. ఆమె తప్పుకొనెను.

ఆ సాయంతనమే తారకేశుడు ఎదురై పిల్లలెట్లున్నారని యడుగుటయు, నాతడు తన గురుత్వమునకు తగిన గాంభీర్యముతో "అబ్బాయిలిద్దరూ చురుకండీ. ఆ అమ్మాయే కాస్త మందం. మెల్లగా చెప్పండి, రోజుకి కొంచెమే చెప్పండి అంటోంది" అని విన్నవించుటయు జరిగెను. ఆ పిల్ల యట్లేల పలికెనో శోభనాద్రికి తెలియలేదు గాని తారకేశునికి తెలిసెను. అతడు చిరునవ్వుతో "మంచిపని చేశారు, నాతో చెప్పి" అనెను.

మరునాడు ఆమె కుర్చీ ఖాళీగ నుండెను. శోభనాద్రి దానివంక నొకమారు చూచి, చదువు అందరికి నబ్బునా యని మనసున సరిపెట్టుకొని పాఠము మొదలుపెట్టెను.

మూడవ వారము ముగియుచుండ చెప్పవలసినది యేమియు మిగులలేదు. కడపటి దినమున తాను మున్నెవరికిని చెప్పని మర్మ మొకటి, ప్రోగ్రాము పూర్తిగ నిలిచిపోయినపుడు దానికి ప్రాణము పోయు నుపాయము, తెరమీద నడిపి చూపెను. యువకులు లేచి నిలిచి చప్పట్లు కొట్టిరి. తారకేశుడు సైతము వచ్చి వెనుకవరుసలో నిలిచి చప్పట్లు కొట్టెను. శోభనాద్రికి కన్నులు చెమర్చెను. ఆ రాత్రి యాతడు భార్యతో "చూశావా, నేనన్నది" అని రెండుమారు లనెను. ఏరు దాటువరకు ఓడమల్లయ్య, ఏరు దాటిన పిదప బోడిమల్లయ్య యను సామెత యాతడెరుగనిది కాదు. మల్లయ్యలు వేరొకరని తలంచెను, అంతే.

సోమవారమున గేటుకడ నాతని బ్యాడ్జి పనిచేయలేదు. మరల నద్దెను. తుడిచి యద్దెను. వెనుకనున్నవారు విసుగుచుండ కాపలావాడు "పక్కకి జరగండి సార్, ఏజెన్సీకి ఫోన్ చేసుకోండి" అనెను. కాంట్రాక్టువానిని తొలగించు మాట పనిచేసిన చోట నెవరును చెప్పరు. అది యేజెన్సీవాడు చెప్పవలెను. ఎచ్చటనో యుండి శోభనాద్రి మొగమైన నెరుగని యా యేజెన్సీ యువకుడు ఫోనులో మిక్కిలి మర్యాదగ పలికెను.

"కంగ్రాట్స్ సార్. అసైన్‌మెంట్ చాలా ముందే కంప్లీట్ చేశారట. ఫీడ్‌బ్యాక్ అద్భుతంగా ఉంది. చెప్పాల్సిందంతా చెప్పేశారు కాబట్టి పొడిగింపు అక్కర్లేదన్నారు."

"తారకేశ్ గారితో ఒకసారి మాట్లాడితే..."

"మీరు వాళ్ళ ఉద్యోగి కాదు కదా సార్. వాళ్ళతో నేరుగా మాట్లాడకూడదు."

శోభనాద్రి గేటు ప్రక్కనున్న చాయ్ బండి చాటున నిలుచుండెను. సన్నని వాన మొదలయ్యెను. అతనికి కోపము రాలేదు, భయము వచ్చెను. ఇంటికి బోయి ఉమాసుందరికి నేమి చెప్పవలయునో తోచలేదు. ఇంకెచ్చట నెవరికి తన విద్య పనికివచ్చునో తోచలేదు. అప్పుడు కాఫీ యంత్రముకడ విన్న మాట స్ఫురించి, ఇన్నాళ్ళకు దాని యర్థము తెలిసి, ప్రహర్షితకు ఫోను చేసెను.

"ఆ రోజే నాకు విడమర్చి చెప్పి ఉండాల్సిందమ్మా" అనెను. ఆ దశయందును తప్పు ఇతరులదే.

"సాఫ్‌గనే చెప్పిన సార్. మీరు పోయి ఆ సార్‌కు చెప్పిన్రు."

ఆమె స్వరమున కోపము లేదు. ఉన్నచో నాతనికి కొంత యూరట కలిగియుండును.

"ఇప్పుడెక్కడ చేస్తున్నావమ్మా?" అని యడిగెను.

"ఇంక దొర్కలే సార్. ఇంటర్వ్యూకు పోయిన కాడల్ల అడుగుతున్నరు, రెండో వారంల్నే ఎందుకు తీసేసిన్రని. నేర్చుకునుడు రాదని రాసిన్రంట నా మీద. మీరు అన్నీ చెప్పేటోళ్ళు గద సార్. అడిగితే ఏం చెప్పాల్నో, అది గూడ మీరే చెప్పుండ్రి."

అడుగకయే సర్వమును చెప్పిన యా మహోపాధ్యాయుడు అడిగిన యీ యొక్క ప్రశ్నకు బదులు చెప్పలేక ఫోను చెవినుంచుకొని నిలుచుండెను. విద్యను దాచి బ్రతికినవాడు లోభి యగును, పంచి చెడినవాడు వెర్రివాడగును. తన్ను కాపాడవచ్చిన చేతిని పట్టియిచ్చినవాని కే పేరు పెట్టవలయునో పెద్ద లెవరును చెప్పిపోలేదు. ఆమె మర్యాదగల పిల్ల గావున తానుగ ఫోను పెట్టివేయక వేచియుండెను. వాన పెద్దదయ్యెను.